బొట్టు లేని వనజ

వార్డెన్ పెట్టిన గడువు శుక్రవారం సాయంత్రం ఆరు గంటలు. ఇవాళే శుక్రవారం.

పోయిన వారం మనం తేజస్వినిని ఎల్.బి.నగర్‌లో, వాళ్లింటి కంప్యూటర్ ముందు, కాళ్లూ చేతులూ ఆడని స్థితిలో వదిలాం. తెర మీద వనజ బొమ్మ. ఇంకా ఎక్కడా వేయని బొమ్మ, సోమవారం నాటి భాగంలో రావలసిన బొమ్మ. అది నాలుగు రోజుల ముందే ఎవరి చేతుల్లోనో పడి ఊరంతా తిరుగుతోంది.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు మాటలు. ‘మూడో అంతస్తు’ ఫేస్‌బుక్‌లో వారం వారం వచ్చే బొమ్మల కథ. చైతన్యపురిలో ఒక లేడీస్ హాస్టల్, అందులో బ్యాంకు పరీక్షలకు చదువుకునే వనజ. ఆమె చుట్టూ ఇద్దరు మగవాళ్లు. కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే గుంటూరు అభి ఒకడు, హాస్టల్ మెస్ నడిపే నల్గొండ కొమరన్న ఇంకొకడు. మాటలు రాసేది తేజస్విని. బొమ్మలు గీసేది రూబీ. రంగులు వేసి పేజీలో పెట్టేది గౌతమ్. వాళ్ల పేర్లు ఎక్కడా కనిపించవు.

మొదట్లో అంతా సరదాగానే సాగింది. వనజ ఎవరితో టీ తాగితే బాగుంటుందని పాఠకులు పందేలు కట్టుకునేవారు. తర్వాత ఊరు వేడెక్కింది. సకల జనుల సమ్మె మొదలై బస్సులు డిపోల్లో ఆగిపోయేసరికి, వనజ ఎవరిని చేసుకుంటుందన్నది రాష్ట్రం రెండవుతుందా లేదా అన్నంత పెద్ద ప్రశ్న అయి కూర్చుంది. అభి వైపు చూస్తే ఒక పక్షం ద్రోహి అంది. కొమరన్నతో నవ్వితే రెండో పక్షం అదే మాట అంది. తిట్లు మాత్రం రెండు పక్షాలవీ ఒక్కలాగే ఉండేవి.

ఆ గోలంతటికీ పైన ‘హాస్టల్ వార్డెన్’ అనే పేరుతో ఒకడున్నాడు. వాడు బూతులు రాయడు. మర్యాదగా రాస్తాడు, అందుకే వాడంటే భయం. వనజ అభిదేనని ప్రకటించండి, లేకపోతే శుక్రవారం ఆరింటికి మీ బొమ్మలు గీసే ఆవిడ ఇల్లు ఎక్కడో అందరికీ చెబుతాను, మిగతాది ఆవిడా పాఠకులూ మాట్లాడుకుంటారు అని రాశాడు. ఆ వెంటనే, తన మాట ఉత్తది కాదని చూపించడానికి, ఈ బొమ్మ పెట్టాడు.

రంగులు లేని నల్లగీతల బొమ్మ. మెస్ గుమ్మంలో నిలబడ్డ వనజ. నుదుట బొట్టు లేదు.

జనం మండిపోవడానికి ఆ ఒక్కటి చాలింది. అభిని చంపేయబోతున్నారని ఒక పక్షం, వనజ మతం మార్చేస్తున్నారని ఇంకో పక్షం తగులుకున్నాయి. మూడు వందల కామెంట్ల తర్వాత వార్డెన్ తీరిగ్గా ఒక్క వాక్యం రాశాడు. గీసేది బొట్టు పెట్టుకునే మనిషి అయితేగా, అని.

ఆ వాక్యం చదివాక తేజస్వినికి ఒకటే అర్థమైంది. వీడికి బయటనుంచి తెలిసింది కాదు ఇది. లోపలివాళ్లెవరో ఇచ్చారు. ఆ లోపలివాళ్లు ఎవరన్నది కూడా ఆ బొమ్మే చెబుతోందని ఆమెకు అనిపించింది.

ఎందుకంటే వనజ బొట్టు వెనక ఒక చిన్న సంగతుంది. రూబీ వాళ్లది క్రైస్తవ కుటుంబం, సూర్యాపేట దగ్గర పల్లె. ఇంట్లో ఎవరికీ బొట్టు అలవాటు లేదు. ముఖం గీయమంటే ఆమె చెయ్యి తనకు తెలిసిన ముఖమే గీస్తుంది. తల్లి ముఖం, పిన్నమ్మల ముఖం, అద్దంలో తన ముఖం. మొదటి భాగం నుంచీ ప్రతి బొమ్మలోనూ వనజ నుదురు ఖాళీగానే వచ్చేది. రంగులు వేసేటప్పుడు చివర్న గౌతమ్ ఎర్రచుక్క ఒకటి పెట్టేవాడు. పని అయిపోయిందని చెప్పడానికి కూడా అతను ‘వనజకి బొట్టు పెట్టేశాను’ అనే మెసేజ్ పంపేవాడు.

అంటే బొట్టు లేని బొమ్మ గౌతమ్ చెయ్యి పడనిది. అతను బయటపెట్టి ఉంటే రంగులూ బొట్టూ ఉండేవని ఆమె లెక్క. రూబీ చేతి నుంచి నేరుగా బయటికి వచ్చింది.

శుక్రవారం మూడింటికి తేజస్విని ఆ బొమ్మ ప్రింటు తీసుకుని, మడిచి బ్యాగులో పెట్టుకుని, నడక మొదలుపెట్టింది. ఆటోలు కూడా లేవు. కొత్తపేట దగ్గర రోడ్డుకి అడ్డంగా పొయ్యిలు వెలిగించి ఉద్యోగులు వంటావార్పూ చేస్తున్నారు. ఎవరో ఆమెను పిలిచి విస్తరాకు చేతికివ్వబోయారు. ఆమె తల అడ్డంగా ఊపి, తన నోటివెంట కోస్తా యాస ఎక్కడ బయటపడుతుందోనని ఒక్క మాటా మాట్లాడకుండా ముందుకు సాగింది. మరుక్షణం తనమీద తనకే అసహ్యం వేసింది. అన్నం పెడతామన్నవాళ్లను కూడా అనుమానించే స్థితికి వచ్చేసింది.

చైతన్యపురిలో కోచింగ్ సెంటర్లన్నీ షట్టర్లు దించుకున్నాయి. పిల్లలు ఊళ్లకు పోవడంతో హాస్టళ్ల బాల్కనీల్లో ఆరేసిన బట్టలు కూడా లేవు. అలాంటి ఒక ఖాళీ హాస్టల్ వెనకాల గల్లీలో, రెండో అంతస్తులో ఒకే గది రూబీ వాళ్లది. మొదటి బెదిరింపులు వచ్చినప్పుడే పాతిల్లు ఖాళీ చేసి ఇక్కడికి మారారు. కొత్త ఇల్లు తేజస్వినికి తప్ప ఎవరికీ చెప్పకూడదని అప్పుడే అనుకున్నారు. గౌతమ్‌కి కూడా చెప్పలేదు.

కరెంటు లేదు. తలుపు బార్లా తీసి, గడప దగ్గర వెలుతురులో చాప వేసుకుని రూబీ గీస్తోంది. తలెత్తి చూసి, ఎండలో నడిచి వచ్చిన స్నేహితురాలి ముఖం చూడగానే లేచి కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది.

“ఏందే, ఎల్.బి.నగర్ నుంచి నడ్సుకుంటనే ఒచ్చినవా? ఫోన్ జేస్తే నేనే ఎదురొస్తుంటి గదా.”

తేజస్విని నీళ్లు తాగింది. గదంతా ఒకసారి కలియజూసింది. డాంగిల్ పెట్టిన పాత లాప్‌టాప్ మంచం కింద ఉంది. గోడకి క్యాలెండరు, దాని పక్కన మేకుకి ఎక్స్‌రే కవర్ల కట్ట. రూబీ తల్లి ఎస్తేరు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో ఆయాగా పనిచేస్తుంది. అక్కడ పారేసే పెద్ద ఎక్స్‌రే కవర్లు తెచ్చిస్తే, రూబీ వాటిలో తన బొమ్మలు భద్రం చేసుకుంటుంది.

అడగదలచుకున్నది సూటిగా అడగలేక తేజస్విని చుట్టుతిరిగి వచ్చింది. స్కానింగ్ ఎక్కడ చేయిస్తున్నావు అని అడిగింది. ఎప్పుడూ చేయించే జిరాక్స్ షాపులోనే అంది రూబీ. అక్కడ బొమ్మ వదిలి వస్తావా అని అడిగింది. నిలబడి చేయించుకుని, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని, వాడి కంప్యూటర్లోంచి చెరిపేసి మరీ వస్తానంది రూబీ. స్కాన్ ఎవరెవరికి పంపుతున్నావు అని అడిగింది.

రూబీ కుంచె కడిగి, గుడ్డకి తుడిచి పక్కన పెట్టింది. 

“ఇద్దరికే. రంగులకు గౌతమ్‌కు, మాటలు సర్దేతందుకు నీకు. గిది నీకు ఎర్కలేదా? ఏం అడగనీకి ఒచ్చినవో అది అడుగు, తేజా.”

తేజస్విని బ్యాగులోంచి ప్రింటు తీసి చాప మీద పరిచింది.

రూబీ దాన్ని చాలాసేపు చూసింది. కోపం రాలేదు. అదే తేజస్వినికి కష్టంగా తోచింది. కోపం వచ్చి ఉంటే తనూ అరవడానికి ఉండేది.

“నిన్నటి నుంచి నాకు నువ్వు ఫోన్ జెయ్యలే. ఎందుకో అనుకున్న,” అంది రూబీ. “నా మీదనే అనుమానం పెట్టుకున్నవన్నట్టు.”

బొట్టు లేని బొమ్మ నీ చేతి నుంచి వచ్చిందే అయ్యుండాలి కదా అంది తేజస్విని. ఆ మాట అంటున్నప్పుడు తన గొంతు పోలీసు గొంతులా ఉందని ఆమెకే తెలిసింది. 

రూబీ లేచి మేకు మీది కట్టలోంచి ఒక ఎక్స్‌రే కవరు లాగింది. అందులోంచి అట్ట మీద గీసిన అసలు బొమ్మ తీసి, ప్రింటు పక్కన పెట్టింది. మెస్ గుమ్మంలో నిలబడ్డ అదే వనజ. అదే చీర, అదే చూపు. నుదుట నల్ల ఇంకుతో దిద్దిన గుండ్రటి బొట్టు.

ఇది ఇప్పుడు పెట్టావేమో అన్న మాట తేజస్విని నాలుక చివరిదాకా వచ్చింది. రూబీ అది ముఖంలోనే చదివినట్టుంది. ఇంకో కవరు తీసింది. ఇంకొకటి తీసింది. ఏడు వారాల బొమ్మలు చాప మీద వరుసగా పరిచింది. అన్నిటిలోనూ బొట్టు ఉంది. 

“మా అమ్మనే జెప్పింది,” అంది రూబీ. “ఒకనాడు నేను గీస్తుంటే సూసి, ఈ పిల్ల మనోళ్ల పిల్లనా అని అడిగింది. కాదే, హిందువుల పిల్లనే అన్న. మరి వాళ్ల అవ్వ పెట్టి పంపిన బొట్టు నువ్వెందుకు తీస్తవే, పెట్టు అన్నది. గా పొద్దటి నుంచి నేనే పెడుతున్న. గౌతమ్‌కు ఎర్కే. నా పని తగ్గిందని నవ్విండు.”

“నాకు చెప్పలేదేం?”

“చెప్పుడేంది? స్కాన్లు వారం వారం పంపుతనే ఉన్న గదా. నువ్వు నీ మాటల డబ్బాలల్ల జాగ సరిపోయిందా లేదా అని సూస్కుంటవ్. నేను గీసిన ముఖం ఎన్నడన్న సూసినవా?”

నిజమే. ఏడు వారాలుగా బొట్టు తన కళ్లముందే ఉంది. చూడలేదు.

రూబీ ప్రింటు అందుకుని అసలు బొమ్మ మీద పెట్టి, రెండూ కలిపి గుమ్మం వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. గీతకి గీత సరిపోయింది. తేడా ఒక్కచోటే ఉంది. అసలు బొమ్మలో వనజ ముంగురు ఒకటి వంపు తిరిగి బొట్టుని ఆనుకుని ఉంది. ప్రింటులో ఆ ముంగురు మధ్యలో పుటుక్కున తెగింది. తెగినచోట గోరంత చదరపు తెల్లమచ్చ. 

కంప్యూటర్లో పిల్లలు ఆడుకునే పెయింట్ ఉంటుంది కదా, అందులో రబ్బరు ఇలాగే చదరంగా చెరుపుతుందని రూబీ చెప్పింది. గౌతమ్ ఇలాంటి మచ్చ వదలడు, అతని చేతిలో పడితే వెంట్రుక కూడా చెదరదు. పైగా అతనికి బొట్టు నేనే పెడుతున్నానని తెలుసు, బొట్టు తీసేసి నా మీదికి తోయాలన్న ఆలోచన అతనికి రాదు.

అక్కడిదాకా వచ్చి ఆగింది. తర్వాత నెమ్మదిగా, ఒక్కొక్క మాటే పేర్చుకుంటూ అంది. 

“నేను బొట్టు మర్చిపోతనని ఎర్క ఉన్నోడు. నేను పెడుతున్నట్టు ఎర్క లేనోడు. గసొంటోడే ఇది చెరిపిండు. గీ ముచ్చట మన ముగ్గురిల కాకుండ ఇంకెవలకు జెప్పినవ్, తేజా?”

తేజస్వినికి గుర్తొచ్చింది. జూలై నెలలో ఒక ఆదివారం. ఇంట్లో భోజనాల బల్ల. గౌతమ్ మెసేజ్ అప్పుడే వచ్చింది, ‘వనజకి బొట్టు పెట్టేశాను’ అని. ఏమిటా బొట్టు అని నాన్న అడిగాడు. తను చెప్పింది. మామూలుగా కూడా చెప్పలేదు, రూబీ బొట్టు మర్చిపోయి నాలుక కరుచుకోవడం అభినయించి మరీ చెప్పింది. నాన్నకి నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లొచ్చాయి. అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. 

“మా ఇంట్లో చెప్పాను,” అంది.

“నవ్విన్రా?”

“నవ్వారు.”

రూబీ చాప మీది బొమ్మలు ఒక్కొక్కటే తీసి కవర్లలో పెట్టడం మొదలుపెట్టింది. 

అమ్మ కంప్యూటర్ ముట్టుకోదు. మిగిలింది ఒక్కరు. ఆ ఆలోచన దగ్గరికి వెళ్లడానికి తేజస్విని మనసు ఒప్పుకోలేదు. నాన్న పట్టాభి పాతికేళ్లు బ్యాంకులో పనిచేసి, ఎవరి మీదా గొంతెత్తకుండా రిటైరైన మనిషి. పొద్దున్నే లేచి ఇంటిల్లిపాదికీ కాఫీ కలిపే మనిషి. పింఛను ఫారానికి ఫొటో కత్తిరించుకోవాలంటే చేతకాక కూతుర్ని పిలిచిన మనిషి. ఆ రోజు తనే పక్కన కూర్చుని నేర్పింది. పెయింట్‌లో.

రూబీ ఇంకో దారిలో ఆలోచిస్తోంది. ఉన్నట్టుండి ఆమె ముఖం కాస్త తేటపడింది. వార్డెన్ రాసినవన్నీ గుర్తు చేసుకుని చూడమంది. గల్లీ పేరు ఎక్కడైనా రాశాడా. ఇంటి రంగు, ఇంటి ముందు ఏముందో, కనీసం చైతన్యపురి అనైనా ఎక్కడైనా అన్నాడా. అన్ని తెలిసినవాడు ఆ ఒక్కటీ దాచుకుంటాడా.

“వానికి నా ఇల్లు ఎర్కలేదు,” అంది. “ఉత్తగ బెదిరిస్తున్నడు. ఆరు గొట్టినా ఏం గాదు.”

తేజస్వినికి కూడా అది నిజమనిపించింది. నిన్నటి నుంచి గుండెల మీద పెట్టుకున్న బరువు సగం దిగింది. గడియారం చూస్తే అయిదూ పది. ఇంకో యాభై నిమిషాలు గడిస్తే వార్డెన్ మాట ఉత్తదని తేలిపోతుంది. ఇంటి సంగతి ఇంటికి వెళ్లాక తేల్చుకోవచ్చు. అలా అనుకుంటూనే, వెళ్లేదాకా ఆగలేక ఇంటికి ఫోన్ చేసింది. 

అమ్మ కుసుమకుమారి ఫోనెత్తుతూనే సణుగుడు మొదలుపెట్టింది. ఎండలో నడిచి వెళ్లినందుకు, చేరినట్టు ఫోన్ చేయనందుకు. నాన్న ఉన్నారా అని అడిగింది తేజస్విని. 

“నీ కోసమే బయల్దేరారు స్కూటరు మీద. మధ్యాహ్నం నించీ ఆ కంప్యూటర్ దగ్గరే కూర్చున్నారు, ఏం చూశారో ఏమో, ఉన్నపళంగా లేచి చొక్కా వేసుకున్నారు. ఫ్రిజ్ మీద నువ్వు రాసిపెట్టి వెళ్లిన కాగితం కూడా పట్టుకెళ్లారు.”

బంద్ రోజుల్లో గడప దాటాలంటే ఎక్కడికి వెళుతున్నదీ పూర్తి అడ్రసు రాసి ఫ్రిజ్ మీద పెట్టి వెళ్లాలి. అది ఆ ఇంటి నియమం. రాళ్లు పడ్డా, లాఠీ తగిలినా వెతుక్కుంటూ రావడానికి ఉండాలని పట్టాభి పెట్టిన నియమం. రెండేళ్లుగా పాటిస్తున్నది కాబట్టి మధ్యాహ్నం తేజస్విని చెయ్యి ఆలోచించకుండానే రాసేసింది. చైతన్యపురి, హాస్టల్ వెనక గల్లీ, రెండో అంతస్తు.

నాన్న కంప్యూటర్ దగ్గర కూర్చోకముందే ఆ కాగితం చూశారా అని అడగబోయి, అడగలేక ఫోన్ పెట్టేసింది. ఏమైందని రూబీ అడిగేలోపే మెట్ల మీద ఎస్తేరు గొంతు వినిపించింది.

“జర సూస్కుంట ఎక్కున్రి సారూ, మెట్లు ఎత్తు ఎక్వ.” డ్యూటీ దిగి వస్తున్న ఆమె, గుమ్మంలోకి వస్తూనే కూతురితో సంబరంగా చెప్పింది. “రూబీ, తేజమ్మ వాళ్ల నాయిన ఒచ్చిండే. కింద గల్లీల ఇల్లు దొరకక తిరుగుతుంటే నేనే తోల్కొచ్చిన.”

పట్టాభి చెప్పులు బయట విడిచి, తలవంచుకుని లోపలికి వచ్చాడు. చొక్కా చెమటకి వీపున అతుక్కుపోయింది. కూతుర్ని చూసి ఊపిరి పీల్చుకున్నాడు. ఎస్తేరు స్టూలు తుడిచి వేస్తే కూర్చోలేదు. అతని చూపు చాప మీద ఇంకా కవరులోకి ఎక్కని ఒక బొమ్మ మీద పడింది. అక్కడే ఆగిపోయింది. వంగి చూశాడు. 

“అదేమిటి, బొట్టు ఈ అమ్మాయే పెడుతుందా?” అన్నాడు.

ఆయన వచ్చాక బొట్టు మాట ఎవరూ ఎత్తలేదు. ఆయన్ని ఎవరూ అడగలేదు. తనేమన్నాడో పట్టాభికి తెలియడానికి రెండు క్షణాలు పట్టింది. తెలిశాక కూతురి ముఖం చూడలేదు.

“పద అమ్మా, వెళ్దాం. ఇంకా టైముంది,” అన్నాడు.

“దేనికి టైముంది నాన్నా?”

జేబులోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకుంటూ, తుడుచుకుంటూ, అదే పనిగా తుడుచుకుంటూ పట్టాభి చెప్పడం మొదలుపెట్టాడు. వార్డెన్ తను కాదు. ఆ బూతుల జోలికి తను పోలేదు. వనజకి అభి అయితేనే బాగుంటుందని ఒక గుంపు ఉంది, అందులో తనూ ఉన్నాడు, అంతే. అందరూ పద్ధతైనవాళ్లే. వార్డెన్‌తో రెండు నెలలుగా మెసేజ్‌లలోనే మాట్లాడుతున్నాడు. ముఖం ఎప్పుడూ చూడలేదు. అవతలివాడు అంకుల్ అని పిలుస్తాడు, ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతాడు. కథ కొమరన్న వైపు తిరుగుతోందని తెలిశాక, ఒక్కసారి అందరూ గట్టిగా అడిగితే మారుస్తారేమోనని ఇంటి కంప్యూటర్లోంచి బొమ్మ పంపాడు. బొట్టు ఉంటే గౌతమ్ చెయ్యి దాటి కూతురి దగ్గరికి వచ్చిన బొమ్మ అని తెలిసిపోతుందనుకుని బొట్టు చెరిపాడు. 

“నా మీద పడాల్నని,” అంది రూబీ. 

పట్టాభి ఆమె వైపు చూశాడు. “నీకు హాని చేయాలని కాదమ్మా. నీ పేరు ఎవరికీ తెలియదుగా అనుకున్నాను.” తర్వాత ఎవరితోనో కాదు, తనతో తనే చెప్పుకుంటున్నట్టు అన్నాడు. “ముప్పై ఏళ్లయింది ఈ ఊరొచ్చి. రేపు ఎవరుంటారో, ఎవర్ని పొమ్మంటారో తెలియదు. ఆ బొమ్మల్లోనైనా మనవాడొకడు ఇక్కడ ఇల్లు కట్టుకుని ఉంటాడని చూసుకునేవాణ్ణి. తప్పేముంది.”

తేజస్విని ఆ మాటకి కరగలేదు. కరిగే సమయం కాదది. “అడ్రసు పంపారా?”

పంపాడు. మూడున్నరకి. వెళ్లి మర్యాదగా మాట్లాడి ఒప్పిస్తామన్నారు కాబట్టి పంపాడు. నాలుగున్నరకి జవాబు వచ్చింది. థాంక్యూ అంకుల్, పదిమందిమి వస్తున్నాం, మాటలతో కాకపోతే ఆ చెయ్యి ఇంక గీయకుండా చూసే పూచీ మాది, అని. అది చదివాక గానీ కూతురు అదే గదిలో ఉందని తట్టలేదు. మా అమ్మాయి అక్కడుంది, నేను వెళ్లి తీసుకొచ్చేదాకా ఆగండి అని రాసి బయల్దేరాడు. మీరు కూడా ఎక్కడికైనా పక్కింటికి వెళ్లండమ్మా అని ఎస్తేరుకి చెప్పి, తేజస్విని చెయ్యి పట్టుకోబోయాడు. 

ఎస్తేరుకి సగమే అర్థమైంది. ఆ సగానికే ఆమె వచ్చి కూతురి కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. 

తేజస్విని తండ్రి చేతిలోంచి స్కూటరు తాళం లాక్కుని రూబీకి ఇచ్చింది. అమ్మని ఎక్కించుకుని వెంటనే వెళ్లిపొమ్మంది. ఎక్కడికి వెళుతున్నారో చెబితే తర్వాత తనూ వస్తానంది.

రూబీ తాళం తీసుకుంది. ఎక్స్‌రే కవర్ల కట్ట చంకన పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

“గీసారి ఏడికి పోతున్ననో నీకు జెప్ప, తేజా,” అంది. “నువ్వు మల్ల ఏ కాగితం మీదనో రాస్తవ్.”

తల్లీకూతుళ్లు మెట్లు దిగారు. కింద స్కూటరు రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుని, గల్లీ మలుపు తిరిగింది. ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా తేజస్విని గోడకి ఆనుకుని నిలబడి వింది. నాలుగేళ్ల స్నేహం. ఇప్పుడు ఆ స్కూటరు ఏ వైపు తిరిగిందో కూడా తెలుసుకునే హక్కు తనకి లేదు.

మనం కూడా నడుద్దాం పద, ఇక్కడ మనకేం పని అన్నాడు పట్టాభి. 

తేజస్విని తలుపు దగ్గరగా వేసి, స్టూలు తండ్రి ముందుకి జరిపింది. తను చాప మీద కూర్చుంది. 

“కూర్చోండి నాన్నా. వచ్చేది మీవాళ్లేగా. ఎవరో చూద్దాం.”

ఆమె గొంతులో ఉన్నదేమిటో పట్టాభికి తెలియలేదు. కానీ ఆయన కూర్చున్నాడు. అయిదూ ముప్పావు అయింది. కరెంటు లేని గదిలో ఇద్దరి ఊపిరీ వినిపిస్తోంది. గల్లీలో మోటారు సైకిళ్లు ఒకటి, రెండు, నాలుగు వచ్చి ఆగాయి. ఇంజన్లు ఆపలేదు. మెట్ల మీదికి మాత్రం ఒక్కరి అడుగులే ఎక్కాయి. తొందర లేని అడుగులు. 

అడుగులు గుమ్మం అవతల ఆగాయి. తలుపు మీద వేళ్లతో మెల్లగా, మర్యాదగా మూడుసార్లు కొట్టారు. పట్టాభి చటుక్కున లేచాడు. రెండు నెలలుగా మాట్లాడిన మనిషి గొంతు మొదటిసారి వినబోతున్నాడు.

“అంకుల్, తలుపు తీయండి. మీ అమ్మాయితో నాకేం పనిలేదు.”

అది ఆడమనిషి గొంతు.